మాట మోసిన మా అత్త

అత్త పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను గజపతినగరం అవతల ఒక చెరకు తోటలో ఇద్దరు అన్నదమ్ముల మధ్య హద్దు కొలుస్తున్నాను. ఫోన్ చేసింది మా అమ్మ కాదు, మా వీధిలో ఉండే ఒకావిడ. "మీ అత్త ఎల్లిపోనాది బాబూ, పొద్దున్న లెగలేదు," అంది. సరే అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని, మిగిలిన రెండు రాళ్లూ పాతించి, అన్నదమ్ములిద్దరి చేతా సంతకాలు పెట్టించాను. చిన్నవాడు కొబ్బరిబోండం కొట్టించి ఇస్తే తాగాను. నీళ్లు తియ్యగా ఉన్నాయని కూడా అన్నట్టు గుర్తు.

అక్కణ్ణించి బస్సులో విజయనగరం, రైల్లో ఆమదాలవలస, ఆటోలో మా ఊరు. దారి పొడుగునా ఇప్పుడొస్తుందేమో, ఇంకాసేపట్లో వస్తుందేమో అని ఏడుపు కోసం చూశాను. రాలేదు. అత్తని మట్టిలో పెట్టేటప్పుడు రాలేదు. నెల దాటింది, ఇప్పటికీ రాలేదు. నా భార్య నన్ను ఒక రకంగా చూస్తోంది. చూడనివ్వండి. అత్త గురించి నేను చెప్పాల్సింది కొంత ఉంది, అది మాత్రం చెప్పేస్తాను.

ఆవిడ మా నాన్నకి అక్క, నాకు మేనత్త. ఎండుచేపలు అమ్మేది. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. మా నాన్నా, అత్త మొగుడూ ఒకే పడవలో వేటకెళ్లి ఒకే గాలివానలో పోయారు. అప్పటికి నాకు నాలుగేళ్లు. అత్తకి పిల్లల్లేరు. ఆ ఏడాది నుంచీ రెండిళ్లకీ ఒకటే వంట. "ఇద్దరు ముండమోపులకీ ఒక్క గుంటడు, రెండు పొయ్యిలెందుకే," అందట మా అమ్మతో. మా అమ్మ ఇంటి దగ్గర చేపలు ఉప్పేసి ఎండబెట్టేది, అత్త వాటిని గంపకెత్తుకుని కొండ మీద సంతలకి తీసుకెళ్లి అమ్మేది. నేను చదివిన చదువంతా నెత్తళ్లూ, కవళ్లూ లాంటి చిన్నచేపలు పెట్టిన చదువే. కాలేజీలో నా పుస్తకాలు వాసనొస్తున్నాయని పక్కవాడు బెంచీ మారిపోయేవాడు. ఆ సంగతి ఇంట్లో చెప్తే అత్త పడీపడీ నవ్వి, "ఆడి పుస్తకాలు ఏ వాసనా రావేమో, సూడు," అంది.

అడ్డపొగ తాగేది. మా వైపు ఆడవాళ్లకిది మామూలే, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అది నోట్లో ఉన్నంతసేపూ అత్త ఎవరి మాటా వినేది కాదు. వినాల్సిన మాటైతే చుట్ట తీసి గోడకి ఆనించి పెట్టేది. బస్సులో గంప వాసనకి కండక్టరు గొణిగితే దిగేటప్పుడు వాడి చేతిలో గుప్పెడు నెత్తళ్లు పోసేది. తరువాతి వారం వాడే గంప ఎత్తి లోపల పెట్టేవాడు. కోపంగా ఉన్నవాడికి ముందు మంచినీళ్లియ్యాలి, సమాధానం తరువాత ఇవ్వచ్చు అనేది. ఈ సూత్రం నేను హద్దు తగాదాల్లో రోజూ వాడుతున్నాను, ఎవరు నేర్పారో ఎవరికీ చెప్పలేదు.

ఇక ఆవిడ రెండో పని. దానికి జీతమూ లేదు, పేరూ లేదు. మాటలు మోసేది. మా ఊళ్లో ఇద్దరి వలలు సముద్రంలో చిక్కుపడి తెగాయంటే ఆ ఇద్దరూ ఏడాది మాట్లాడుకోరు. వాళ్ల మధ్య మాట అత్త మోసేది. కొండ మీద ఊరివాళ్లకీ, ఫారెస్టు గార్డుకీ మధ్య మోసేది. చదువు రాదు కాబట్టి చీటీ లేదు. చెప్పేవాడి చేత మాట మూడుసార్లు చెప్పించుకునేది. మూడోసారి అయ్యాక కళ్లు మూసుకుని తను అప్పజెప్పేది. ఒక్క ముక్క తేడా వచ్చినా మళ్లీ మొదట్నుంచి. మధ్యలో తిట్టుంటే తిట్టు కూడా మోసేది. ఒకసారి ఒక పడవాయన కోపంలో అవతలివాడి తాతని కూడా కలిపి ఏదో అన్నాడు. అత్త వెళ్లి అదంతా అలాగే, ముఖంలో ఒక్క గీత కదలకుండా, వాడి గుమ్మంలో నిలబడి చెప్పింది. ఆ తరువాత అటు నుంచి సమాధానం తెచ్చింది. అదింకా ఘోరం. ఇద్దరూ రెండు రోజుల్లో సిగ్గుపడి రాజీకొచ్చారు.

కాస్త మెత్తగా చెప్పొచ్చు కదా అని నేనొకసారి అడిగాను. "ఉప్పు సేపలోనే ఎయ్యాలిరా, మాటలో ఎయ్యకూడదు," అంది. మాటలో ఒక్కసారి సొంత రుచి కలిపితే ఆ రోజు పని జరుగుతుందట, మర్నాటి నుంచి నమ్మేవాడుండడట. నేను పెద్దగా పట్టించుకోలేదు. అత్తలు ఇలాంటివి చెప్తూనే ఉంటారు.

పదిహేనేళ్లు దాటిన సంగతి ఇప్పుడు చెప్పాలి. నాకు సర్వేయరు ఉద్యోగం కొత్త. సాలూరు దాటాక కొండ మీద ఒక రోడ్డుకి కొలతలు తియ్యమని పంపారు. గజపతినగరం నుంచి ఒక జీపు అద్దెకి కుదిర్చారు. దాని డ్రైవరు నాకన్నా పదేళ్లు పెద్ద, నెమ్మదస్తుడు. అప్పట్లో ఆ కొండల్లో తుపాకులు పట్టినవాళ్లుండేవాళ్లు. వాళ్లూ రెండు ముక్కలయ్యారు. ప్రభుత్వంతో మాట్లాడితే తప్పులేదనేవాళ్లు ఒక గుంపు, మాట్లాడటమే ద్రోహమనేవాళ్లు ఇంకో గుంపు. కొండవాళ్లు వీళ్లని పాతోళ్లు, కొత్తోళ్లు అనేవాళ్లు. పాతోళ్లకీ కొత్తోళ్లకీ మాటల్లేవు. మేం కొలతలు మొదలెట్టిన మూడో రోజు పట్టపగలు పాతోళ్లు ఎనిమిది మంది వచ్చారు. కొలత గొలుసు, త్రిపాది, జీపు తాళం అన్నీ తీసుకున్నారు. మా ఇద్దర్నీ తీసుకున్నారు.

వాళ్ల కోరిక ఒక్కటే. ఏదో ఊళ్లో ఒక మొగుడూపెళ్లాన్ని పోలీసులు అనుమానంతో పట్టుకెళ్లారు, వాళ్లని వదలాలి. దాంతోపాటు ఇంకో షరతు పెట్టారు. ఫోన్లొద్దు, కాయితాలొద్దు, పేపరువాళ్లొద్దు. మాట్లాడటానికి చేపలమ్మని పంపండి. ముప్పై ఏళ్లుగా ఆ కొండెక్కిన మనిషి, ఇటు సంగతి అటు చెప్పని మనిషి ఆవిడొక్కతే వాళ్లకి తెలుసు. నేను ఆవిడ మేనల్లుణ్ణని వాళ్లకి తెలీదు.

ప్రభుత్వం మనుషులు మా ఊరొచ్చి అత్తని కారెక్కించుకుని సాలూరు తీసుకెళ్లారు. అక్కడున్న పెద్దాఫీసరు కుర్రవాడు, ఏదో వేరే రాష్ట్రం నుంచి వచ్చి పుస్తకాల్లో తెలుగు నేర్చుకున్నవాడు. అతని గదిలో అతనూ అత్తా ఇద్దరే ఉండేవాళ్లు, మూడో మనిషిని రానిచ్చేవాడు కాదట. అతను చెప్పిన మాట మూడుసార్లు చెప్పించుకుని, బస్సెక్కి, గంప నెత్తిన పెట్టుకుని, సంతకెళ్లినట్టే కొండెక్కింది.

మమ్మల్ని ఒక పశువుల పాకలో ఉంచారు. అత్త వస్తుంటే నేను దూరం నుంచే నడక గుర్తుపట్టాను. అత్తా అని నోటి దాకా వచ్చింది. ఆవిడ నన్ను చూసి, పాక గుంజని చూసినట్టు చూసి, ముందుకెళ్లిపోయింది. నాకర్థమైంది. నేను ఆవిడ మనిషినని తెలిస్తే వాళ్లు ఆవిడ మాట నమ్మరు, లేదా నా బేరం పెరుగుతుంది. నోరు మూసుకున్నాను.

పాతోళ్ల నాయకుడు నెరిసిన గడ్డం మనిషి. ఒకప్పుడు బళ్లో పాఠాలు చెప్పాడట, అందరూ మాస్టారనేవాళ్లు. అత్త ఆయన ముందు నిలబడి కళ్లు మూసుకుని అప్పజెప్పింది. మీ విన్నపాన్ని ప్రభుత్వం సానుకూల దృక్పథంతో పరిశీలిస్తున్నది, తదనుగుణంగా తదుపరి చర్యలు చేపట్టబడును. ఒక్క అక్షరం పోలేదు. అంటే ఏమిటి, వదులుతారా వదలరా అని మాస్టారు అడిగాడు.

"నాకేటి తెల్సు బాబూ," అంది అత్త. "అర్థం నాను మొయ్యలేదు. మాటే మోసినాను."

మాస్టారు నవ్వాడు. అన్ని రోజుల్లో ఆయన నవ్వడం నేను చూసింది రెండుసార్లు. ఇది మొదటిది.

రెండో రాకలో మాస్టారు ఒక మాటిచ్చాడు. నమ్మకం కోసం ఇద్దరిలో ఒకర్ని ఇప్పుడే వదిలేస్తాం, ఎవరు కావాలో సర్కారే తేల్చుకోవాలి. అత్త మూడుసార్లు చెప్పించుకుని దిగిపోయింది. ఆ రెండు రోజులూ నేనూ డ్రైవరూ ఒకరితో ఒకరం సరిగ్గా మాట్లాడుకోలేదు. ఏం మాట్లాడతాం? ఒకే ముద్ద కోసం చూస్తున్న ఇద్దరి మధ్య మర్యాదలేం ఉంటాయి. నేను పైకి ఏమీ అనలేదుగానీ లోపల ధైర్యంగా ఉన్నాను. నేను గవర్నమెంటు ఉద్యోగిని, అతను కిరాయి డ్రైవరు. పైగా మాట తెచ్చేది మా అత్త. సిగ్గుపడాల్సిన ఆలోచనే, కానీ అదే ఆలోచించాను.

మూడో రోజు మధ్యాహ్నం అత్త వచ్చింది. గంప దించింది. కళ్లు మూసుకుంది.

"డ్రైవర్నియ్యమన్నారు."

మాస్టారు మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ అదే చెప్పింది. ఆవిడ పద్ధతి తెలుసు కాబట్టి మూడోసారి కూడా అడిగాడు. మూడోసారీ అదే మాట, అదే గొంతు. అప్పుడు మాస్టారు నా వైపు తిరిగి రెండోసారి నవ్వాడు. "మీ సర్కారుకి మనిషికంటే జీపు ముఖ్యంలాగుంది," అన్నాడు. నేను అత్త ముఖం చూశాను. ఆవిడ గంప సర్దుకుంటోంది. ఆ మాట పట్టుకొచ్చేటప్పుడు ఆవిడ ఆ ఆఫీసర్తో ఒక్క ముక్క వాదించలేదా, వాడు నా మేనల్లుడండీ అనలేదా అని లోపల అరుస్తున్నాను. బయటికి గుడ్లప్పగించి కూర్చున్నాను. ఇద్దరూ దిగి వెళ్లిపోయారు. మలుపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తరువాత పదకొండు రోజులు. నాలుగో రోజున కొత్తోళ్లు వచ్చి పాతోళ్లతో గొడవపడి నన్ను లాక్కుపోయారు. వాళ్లు నన్ను కట్టేసేవాళ్లు. ఒకడు తుపాకీ మడమతో కొట్టిన దెబ్బకి నా ఎడమ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు, ఎవరైనా మాట్లాడాలంటే కుడివైపు రావాలి. ఒక పొద్దున్న నన్ను వాగు దగ్గరికి తీసుకెళ్లి మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. ఎందుకో తెలీదు, మళ్లీ లేపి తీసుకొచ్చేశారు. ఆ వాగు దగ్గర నాకు భయం వెయ్యలేదు. ఏమీ వెయ్యలేదు. ఇప్పుడీ నెల రోజులూ ఉన్నట్టే ఉంది అప్పుడూ.

ఆ పదకొండు రోజుల్లో అత్త కొండ ఎన్నిసార్లు ఎక్కి దిగిందో నాకు తరువాత తెలిసింది. అడకత్తెరలో పోకచెక్కలా ముగ్గురి మధ్య పడింది. ప్రభుత్వం మాట పాతోళ్లకి, పాతోళ్ల మాట కొత్తోళ్లకి, కొత్తోళ్ల తిట్లు మళ్లీ పాతోళ్లకీ ప్రభుత్వానికీ. కాళ్లు బొబ్బలెక్కితే గోనెపట్టా చుట్టుకుని నడిచిందట. చివరికి ఆ మొగుడూపెళ్లాన్ని వదిలారు. నన్నూ వదిలారు. దించుకెళ్లడానికి అత్తే వచ్చింది.

బస్సులో నేను వేరే సీట్లో కూర్చున్నాను. "అన్నం తిన్నావేటిరా?" అని వెనక నుంచి అడిగింది. వినపడనట్టు ఊరుకున్నాను. అప్పటికే చెవి సాకు ఉంది.

మా అమ్మ సంగతి చెప్పాలి. అత్త డ్రైవర్ని తీసుకుని దిగిన రోజున, నేనొస్తున్నాననుకుని మా అమ్మ సాలూరు వెళ్లి బస్టాండులో కూర్చుందట. జనం అందరూ చూస్తుండగా ఒక్కటే అడిగింది. "నా కొడుకుని సూసొచ్చి, ఎవులి కొడుకునో తోలుకొచ్చినావా వదినా?" అత్త, వస్తాడే, అని మాత్రం అంది. అదే వాళ్లిద్దరి మధ్య ఆఖరి మాట. మర్నాటి నుంచి రెండు పొయ్యిలయ్యాయి. ఊరందరి మధ్యా మాటలు మోసే మనిషికి పక్కింటి మనిషితో మాట లేకుండా పదిహేనేళ్లు గడిచాయి. పండక్కి ఇంత పాయసం అత్త పంపిస్తే మా అమ్మ గిన్నె అలాగే వెనక్కి పంపేది. మూత కూడా తీసేది కాదు. తరువాత అత్త పంపడం మానేసింది.

నేను? నేను మర్యాదస్తుణ్ణి కదా, మాట్లాడేవాణ్ణి. బాగున్నావా, బాగున్నాను. ఏడాదికో చీర. పెళ్లికి పిలిచాను, వచ్చి వెనక నిలబడి, భోంచేసి వెళ్లిపోయింది. నా ముఖం చూస్తే ఏదో చెప్తుందేమోనని చూసేవాణ్ణి. ఏమీ చెప్పేది కాదు. చుట్ట నోట్లోనే ఉండేది. ఆ మాట ఎందుకలా వచ్చిందని నేను ఏ ఆఫీసరునీ ఎప్పుడూ అడగలేదు. నేను కొండ దిగేసరికే ఆ కుర్ర ఆఫీసరుకి బదిలీ అయిపోయింది. మిగిలినవాళ్లని అడగొచ్చు. అడిగాక, అవును, మేమే డ్రైవరు చాలన్నాం అంటే, ఆ ఆఫీసులో ఇంకో ముప్పై ఏళ్లు ఎలా సంతకం పెడతాను? అందుకే అడగలేదు. దాని బదులు అత్త మీద కోపం పెట్టుకోవడం తేలికైంది. అది ఇంటి మీది కోపం, జీతం పోదు.

పెద్దకర్మ రోజున భోజనాలవుతుండగా ఒకాయన వచ్చాడు. జుట్టంతా నెరిసింది, చేతిలో గుడ్డ సంచీ. గజపతినగరం నుంచి వస్తున్నానన్నాడు. అప్పుడు గుర్తుపట్టాను, ఆ డ్రైవరే. ఏటా ఒకసారి వచ్చి అత్తని చూసి వెళ్తాడని విన్నాను. వచ్చినప్పుడు నేను ఊళ్లో లేకుండా చూసుకునేవాణ్ణి. ఇప్పుడు తప్పించుకోడానికి లేదు. విస్తరి వేయించాను. తినలేదు. కుడివైపు కూర్చోమన్నాను. కూర్చున్నాడు.

ఆవిడ బతికున్నంతకాలం చెప్పనని చేతిలో చెయ్యేసి ఒట్టేశానని, ఇప్పుడు ఆ ఒట్టు తీరిందని, చెప్పకపోతే అన్నం దిగదని అన్నాడు. చెప్పమన్నాను.

"ఆ దినం సర్కారు నన్నియ్యమన్లేదు బాబూ," అన్నాడు. "మిమ్మల్నే ఇయ్యమన్నాది. ఆయమ్మే మాట మార్సీసినాది."

నాకు వినపడింది కుడి చెవిలోనే. అయినా మళ్లీ చెప్పమన్నాను.

ఆయన చెప్పింది ఇది. మలుపు తిరిగి, పాక కనపడకుండా పోయాక, అత్త గంపతో సహా దారి మీద కూలబడిపోయిందట. చేపలన్నీ చెల్లాచెదురు. వాటిని ఏరనైనా ఏరలేదట. ఏమయిందమ్మా అని ఇతను అడిగితే, అక్కడున్నవాడు నా మేనల్లుడు అందట. ఆఫీసరు సర్వేయర్ని తీసుకురమ్మని మూడుసార్లు చెప్పాడట, ఆ మూడుసార్లలో ఒక్కసారైనా డ్రైవరు పేరెత్తుతాడేమోనని చూసిందట. ఎత్తలేదు. మరి డ్రైవరో అని ఉండబట్టలేక తనే అడిగిందట, తన పద్ధతికి విరుద్ధంగా. అతను మా సిబ్బంది కాదు అన్నాడట ఆఫీసరు. ఆ మాట నెత్తిన పెట్టుకుని కొండెక్కుతూ దారంతా ఆలోచించుకుందట. మరి అల్లుణ్ణి వదిలేసి నన్నెందుకు తెచ్చావని డ్రైవరు అడిగితే ఆవిడ చెప్పిన సమాధానం, ఆయన గొంతులో అప్పటికి పదిహేనేళ్లుగా అలాగే ఉంది.

"ఆడొచ్చేస్తే నీకోసం నన్నెవులూ ఈ కొండెక్కమనరు నాయినా. ఆడిక్కడున్నంతకాలం ఆఫీసరు నన్ను పంపుతానే ఉంటాడు."

కింద ఆఫీసరుకి, వాళ్లు వీణ్ణే ఇచ్చారండీ అని చెప్పిందట. కొండ మీద ఒక అబద్ధం, కొండ కింద ఒక అబద్ధం. జన్మలో ఆడినవి ఆ రెండే అనుకుంటాను. నన్ను కొత్తోళ్లు లాక్కెళ్లారని తెలిసిన రోజున డ్రైవరు మా ఊరొచ్చి, ఉన్న సంగతి ఆఫీసర్లకి చెప్పేస్తానని అత్త కాళ్లు పట్టుకున్నాడట. ఆవిడ ఒప్పుకోలేదు. తను మాట మార్చిందని బయటపడితే ఆ క్షణం నుంచి కొండ మీదా నమ్మరు, కింద కూడా నమ్మరు, అప్పుడు అల్లుణ్ణి తెచ్చేవాళ్లే ఉండరు అందట. నేనొచ్చేశాక కూడా చెప్పనివ్వలేదు. ఆ తరువాత ఇంకా ఎన్నో ఊళ్ల మాటలు ఆవిడ మోస్తూనే ఉంది కదా.

డ్రైవరు ఏడుస్తున్నాడు. నాకు ఏమీ అనిపించలేదు. ఏదో అనిపించాలి కదా అని మాత్రం అనిపించింది. ఆ వాగు దగ్గర నేను చచ్చిపోయి ఉంటే అన్న ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్న నాకంటే ముందు ఆవిడకి వచ్చే ఉంటుంది, గంపెత్తుకునేటప్పుడే. నేను పోతే తను చంపినట్టే, డ్రైవరు పోతే ఎవరూ చంపనట్టే. ఆవిడ మొదటిది నెత్తికెత్తుకుంది. తరువాత కోపం వచ్చింది, నాకొక్కడికి చెవిలో చెప్పి ఉండొచ్చు కదా అని. చెప్పి ఉంటే నేను మా అమ్మకి చెప్పేవాణ్ణి. మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నానికి ఊరు, సాయంత్రానికి సంత. అత్తకి మా ఇద్దరి సంగతీ బాగా తెలుసు.

ఇన్నాళ్లూ ఆవిడ నన్ను తక్కువగా ఎంచిందనుకున్నాను. నా ప్రాణాన్ని ఆవిడ తన సొంతమనుకుంది. సొంతవాటినే కదా మనం పరాయివాడి కోసం తాకట్టు పెట్టగలం. ఈ మాట ఆవిడ బతికుండగా ఆవిడతో అనలేదు. అత్తా, నా చెవి పోయినా ఫర్వాలేదు, నువ్వు చేసింది సరైనదే అని చెప్పడానికి పదిహేనేళ్లు టైముంది. నేను చీరలు పంపాను.

డ్రైవర్ని ఆటో ఎక్కించి, లోపలికెళ్లి మా అమ్మకి చెప్పాను. ఆవిడకిప్పుడు చూపు తగ్గింది, మంచం మీద కూర్చుని పప్పు ఏరుతోంది. మొదట్నుంచి చివరి దాకా చెప్పాను, ఏమీ కలపలేదు, ఏమీ తియ్యలేదు. చేట చేతిలో అలాగే ఉండిపోయింది. వదిన నాకెందుకు చెప్పలేదురా అంటుందనుకున్నాను. అనలేదు.

"నానూ అడగలేదు కదరా," అంది.

లేచి, గోడ పట్టుకుని, వీధిలోకి నడిచింది. ఎటు వెళ్తుందోనని నేను వెనకాలే వెళ్లాను. అత్త ఇంటి ముందు ఇసకలో పాత వల పరిచి, దాని మీద ఆవిడ ఆఖరుగా ఉప్పేసిన కవళ్లు ఎండబెట్టి ఉన్నాయి. ఎవరు అమ్మాలో తేలక, వీధి ఆడవాళ్లు వాటిని పొద్దున్న పరిచి సాయంత్రం ఎత్తుతున్నారు. అప్పటికే ఎండి కట్టెలైపోయాయి. మా అమ్మ వాటి ముందు ఎండలో కూర్చుంది. చేత్తో తడిమి ఒకదాన్ని తిరగేసింది. పక్కదాన్ని తిరగేసింది. వరస అయిపోయాక, ఇంకా పచ్చిగా ఉన్నవాటిని చూసుకున్నట్టు జాగ్రత్తగా, రెండో వరస మొదలుపెట్టింది.